ముల్లు గట్టిపడేదాకా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాక్టస్ నారు గురించే ఉన్నాయి. మిగతా మొక్కల ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, శీర్షిక మొత్తాన్ని వాటికే ఇచ్చాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను విజయనగరంలో గంట స్తంభానికి దగ్గరలో చేతి గడియారాలు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. 22 ఏళ్లుగా మా మేడ మీద కాక్టస్ మొక్కలను విత్తనం నుంచే పెంచుతున్నాను. గడియారాల పనిలో కంటికి తగిలించుకునే భూతద్దమే నాకు తోటపనిలోనూ ముఖ్యమైన పనిముట్టు. కింద రాసినవి చాలామటుకు ఆ అద్దంలోంచి చూసి నేర్చుకున్నవే.

మాస్టారూ, ఫిబ్రవరిలో వంద కాక్టస్ విత్తనాలు తెప్పించి వేశాను. ఆరో రోజుకు డెబ్బై దాకా మొలిచాయి. పచ్చని పూసల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో! కాక్టస్‌కు ఎండ కావాలి, నీళ్లు అక్కర్లేదు అని అందరూ అంటే డబ్బా మూత తీసేసి ఎండలో పెట్టాను. మూడు రోజులకోసారి నీళ్లు చల్లాను. ఇరవయ్యో రోజుకు నాలుగే మిగిలాయి. కొన్ని ఎండిపోయాయి, కొన్ని మొదలు దగ్గర నీరుకారి పక్కకు ఒరిగాయి. నా చెయ్యి మంచిది కాదా?
*ఒక గృహిణి, బొబ్బిలి*

మీ చేతిలో లోపం లేదమ్మా, మీరు విన్న మాటలో ఉంది. ఎండ కావాలి, నీళ్లు అక్కర్లేదు అనేది పెద్ద కాక్టస్‌కు చెప్పవలసిన మాట. మొలకకు అది ప్రాణం తీసే మాట.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, దాని పక్కనున్న మెక్సికో ప్రాంతంలో సగ్వారో అనే కాక్టస్ ఉంది. పెరిగితే నలభై అడుగులు దాటుతుంది. ఎడారి బొమ్మ వేయమంటే పిల్లలు వేసే చేతులున్న కాక్టస్ అదే. అంతటి మొక్క బాల్యం పాలో వెర్డె వంటి చెట్టు నీడలో గడుస్తుంది. బయట ఎండలో పడిన గింజ మొలిచినా సాధారణంగా నిలవదు. చెట్టు కింద, కాస్త తేమ ఆగిన చోట పడినదే బతుకుతుంది. అలా పదేళ్లు నీడలో పెరిగితే దాని ఎత్తు ఒకటిన్నర అంగుళం. ఆ నీడనిచ్చే చెట్టును నేను దాది అంటాను. మన ఇంట్లో డబ్బా, దాని మూత, మనం ఇచ్చే నీడ, ఈ మూడూ కలిసి ఆ దాది పని చేయాలి.

ఇరవై రోజుల మొలకను అద్దంలో చూడండి. ఆవగింజంత ఒళ్లు, నూలుపోగు కన్నా సన్నని వేరు, పైన రెండు బుడిపెలుగా బీజదళాలు. ముళ్లున్నా అవి పసిపిల్లల వెంట్రుకల్లా మెత్తగా ఉంటాయి. ఆ ఒంట్లో దాచుకున్న నీళ్లు ఎండలో ఒక్క పూటకు చాలవు. మీ మొలకల్లో ఎండిపోయినవి అలా పోయాయి.

నీరుకారి ఒరిగినవి వేరే కారణంతో పోయాయి. వంగ, టమాటా నారు పోసిన రైతులందరికీ తెలిసిన నారుకుళ్లు తెగులే అది. మట్టిలో ఉండే బూజు జాతులు మొలక మొదలు దగ్గర పట్టి, ఒక్క రాత్రిలో కూల్చేస్తాయి. ఒకటి ఒరిగితే మర్నాటికి దాని చుట్టూ ఉన్నవి ఒరుగుతాయి. డబ్బాకు మూత వేయడమంటే లోపలి తేమను కాపాడినట్టే, లోపలికి వచ్చిన బూజునూ కాపాడినట్టే. అందుకే మూత వేసే ముందు లోపల ఉన్న ప్రతిదీ శుభ్రంగా ఉండాలి. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతా పని సులువు.

నేను చేసేది ఇదీ. గరుకు ఇసుక రెండు పాళ్లు, ఇటుక రజను ఒక పాలు, చివికిన ఆకు ఎరువు గాని కడిగిన కొబ్బరి పొట్టు గాని ఒక పాలు, గుప్పెడు బొగ్గు నలక. ఇసుక, ఇటుక రెండూ ఉప్మారవ్వంత ఉండాలి. పిండిలా ఉన్న దుమ్మును టీ వడపోతతో జల్లించి పారేయండి. ఆ దుమ్మే తడిసి గట్టిపడి, వేరుకు గాలి లేకుండా చేస్తుంది. కలిపిన మట్టిని కాస్త తడిపి గిన్నెలో పెట్టి, వంటకు వాడని పాత కుక్కర్‌లో అరగంట ఆవిరి పట్టిస్తాను. రాత్రంతా మూత తీయకుండా చల్లారనిస్తాను. పారదర్శకమైన స్వీటు డబ్బాను వేడి సబ్బునీళ్లతో కడిగి, అందులో రెండంగుళాల మందాన ఈ మట్టి పరుస్తాను. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ద్రావణానికి సమంగా కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, విత్తనాలను పది నిమిషాలు నానబెట్టి తీస్తాను. తర్వాత వాటిని మట్టి పైన చల్లడమే, పూడ్చకూడదు. చాలా కాక్టస్ గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి. మధ్య మధ్య సందు కనిపించేలా ఒక పొర ఇటుక రవ్వ చల్లితే మొలకకు ఆనుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

నీళ్లు పైనుంచి చల్లకండి. చల్లితే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. కాచి చల్లార్చిన వాన నీళ్లు డబ్బా అంచు వెంట నెమ్మదిగా పోసి, మట్టి మొత్తం తడిశాక మిగిలిన నీటిని వంచేయండి. మూత బిగించి, తూర్పు కిటికీ దగ్గర, సూటిగా ఎండ పడని వెలుగులో పెట్టండి. ఇక నాలుగు నుంచి ఆరు వారాలు దాని జోలికి పోవద్దు. మూత లోపలివైపు సన్నగా నీటి బిందువులు కనిపిస్తుంటే తేమ సరిపోయినట్టే. తర్వాత మూతకు సూదితో రెండు చిల్లులు, వారానికి ఇంకో నాలుగు, ఆ పై వారం మూత వాలుగా. ఒక్కసారిగా తెరవకండి.

ఎక్కడైనా ఒక మొలక ఒరిగితే దాన్ని, చుట్టూ అంగుళం మేర మట్టిని చెంచాతో తీసి పారేసి, లీటరు నీటికి 2 గ్రాముల కాప్టాన్ అనే బూజు మందు కలిపి మిగిలిన నారు మీద పొగమంచులా కొట్టండి. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

మీ దగ్గర మిగిలిన నాలుగింటిని ఈ రోజే మళ్లీ మూత కింద పెట్టండి. ఆ ఎండలో అన్ని రోజులు నిలబడిన మొక్కలు గట్టివి.

వేసే కాలం గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. మన వైపు రథసప్తమికి, శివరాత్రికి మధ్య వేయడం నాకు బాగా కలిసొచ్చింది. చాలా జాతులకు 20 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి నచ్చుతుంది, ఆ రోజుల్లో మనకు ఉండేది అదే. మే నెలలో మాత్రం వేయవద్దు. ఆ వేడికి మూసిన డబ్బా లోపల మొలక ఉడికిపోతుంది.

మాది ఉద్దానం, కొబ్బరి తోట ఉంది. పీచు తీసిన పొట్టు ఊరికే పడి ఉంటుంది. దాంతోనే కాక్టస్ నారు పెంచవచ్చా? ఇసుక సముద్రం ఒడ్డు నుంచి తెచ్చుకోవచ్చా?
*ఒక కొబ్బరి రైతు, కవిటి*

పొట్టు బంగారం లాంటిది, కాని వాడే ముందు కడగాలి. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, తీరం దగ్గర ఇంకా ఎక్కువ. గోనెసంచిలో వేసి బకెట్టులో ముంచి, రోజుకోసారి నీళ్లు మార్చండి. గోధుమ రంగు నీళ్లు దిగుతూ ఉంటాయి. నీళ్లు తేటపడేదాకా, అయిదారు రోజులు మార్చాలి. ఆ తర్వాత ఎండబెట్టి జల్లించండి. అయినా మొత్తం పొట్టుతో నింపవద్దు, నాలుగో వంతు చాలు. పొట్టు ఎండితే మళ్లీ తడవడానికి మొరాయిస్తుంది, తడిస్తే త్వరగా ఆరదు. రెండూ మొలకకు ఇబ్బందే.

సముద్రపు ఇసుక వద్దు. ఎంత కడిగినా దాని నలక మరీ సన్నం, పైగా గవ్వల సున్నం కలిసి ఉంటుంది. మీకు దగ్గరలోని బాహుదా నది గాని, శ్రీకాకుళం వెళ్లినప్పుడు నాగావళి గాని, ఇల్లు కట్టేవారి దగ్గర ఒక సంచి గరుకు ఇసుక అడిగి తెచ్చుకోండి. ఇంకొక సలహా. మీ వైపు బియ్యం మిల్లుల్లో సగం కాలిన నల్లటి ఊక దొరుకుతుంది. బొగ్గు నలకకు బదులు అది వేయండి. పూర్తిగా కాలిన తెల్ల బూడిద మాత్రం వేయకండి, అది ఘాటు క్షారం.

విత్తనాలు కొనే డబ్బు లేదు. ఇంటర్నెట్‌లో నీలం, ఊదా రంగు కాక్టస్ విత్తనాలు చవగ్గా అమ్ముతున్నారు, కొనవచ్చా? లేకపోతే ఎలా మొదలుపెట్టాలి?
*డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం*

కొనవద్దు తల్లీ. ఆ నీలాలు, ఇంద్రధనుస్సు రంగులు బొమ్మలో మార్చినవి. కాస్త నీలి, ఊదా ఛాయ ఉన్న కాక్టస్‌లు కొన్ని ఉన్నాయి గాని, ఆ బొమ్మలో చూపినంత రంగువి లేవు. మొలిస్తే ఏదో గడ్డి మొలుస్తుంది, లేదా ఏమీ మొలవదు. విదేశాల నుంచి వచ్చే గింజలకు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలనే నియమం కూడా ఉంది.

నువ్వు ఒక డ్రాగన్ ఫ్రూట్ కొనుక్కో. అది కాక్టస్ పండే. పండు నువ్వు తిని ఒక చెంచా గుజ్జు ఉంచు, అందులోనే పదుల కొద్దీ నల్లని గింజలు ఉంటాయి. టీ వడపోతలో వేసి వేలితో రుద్దుతూ కుళాయి కింద కడుగు. గుజ్జు ఏమాత్రం మిగిలినా బూజు పడుతుంది. కాగితం మీద ఒక రోజు ఆరబెట్టి, బొబ్బిలి అమ్మగారికి చెప్పిన పద్ధతిలోనే వేయి. వారం తిరక్కుండా మొలుస్తాయి. మొదట రెండు దళసరి ఆకులు వస్తాయి, ఇది కాక్టస్ ఏమిటి అనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ రెండింటి మధ్య నుంచి నూగు ముళ్లతో చిన్న కాడ లేస్తుంది. అది లేచే వారం భూతద్దం దగ్గర పెట్టుకో. ఆకు మొక్క కాక్టస్‌గా మారడం కళ్లెదుట కనిపిస్తుంది. 22 ఏళ్ల తర్వాత కూడా నేను ఆ వారం కోసం ఎదురుచూస్తాను.

ఒక్క సంగతి గుర్తుంచుకో. డ్రాగన్ ఫ్రూట్ ఎడారి మొక్క కాదు. మధ్య అమెరికా వైపు అడవుల్లో చెట్లను పట్టుకుని పాకే తీగ. అందుకే తేమను బాగా తట్టుకుంటుంది, నేర్చుకునేవారి తప్పులను మన్నిస్తుంది. పండ్ల కోసమైతే రైతులు కొమ్మలే నాటుతారు, గింజ మొక్క కాపుకు ఏళ్లు పడుతుంది. నీకు ఇప్పుడు కావలసింది పండు కాదు, అనుభవం.

ఆ తర్వాత స్నేహితుల ఇళ్లలో మామిలేరియా ఉందేమో చూడు. చిన్న గుండ్రటి కాక్టస్, తల చుట్టూ కిరీటంలా పూలు పూస్తుంది. దాని కాయలు సన్నని ఎర్ర మిరపకాయల్లా ఉంటాయి. మెక్సికోలో వాటిని చిన్న మిరపకాయలు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఒక్క కాయలో కొన్ని డజన్ల గింజలు ఉంటాయి, గసగసాలంత. నక్షత్రంలా ఉండే ఆస్ట్రోఫైటమ్ వంటివాటికి మాత్రం రెండు వేర్వేరు మొక్కలు ఒకేసారి పూయాలి. తన పుప్పొడితో తనకు గింజ కట్టదు. మెత్తటి కుంచెతో ఒక పూల పుప్పొడి ఇంకో పూవుకు అద్దాలి. ఆ గింజలు పెద్దవి, టోపీ ఆకారంలో ఉంటాయి. తాజావైతే మూడు నాలుగు రోజుల్లోనే మొలుస్తాయి.

నా మొలకలు పొడవుగా దారంలా సాగి పడిపోతున్నాయి. పక్కింటివారివి ఎర్రగా, ఇటుక రంగులోకి మారాయి. ఇద్దరం ఒకే గింజలు వేశాం.
*ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి*

మీవి వెలుతురు చాలక సాగాయి. వారివి ఎండ ఎక్కువై కందాయి. రెండు డబ్బాలకు మధ్య ఎక్కడో సరైన చోటు ఉంది.

ఎర్రబడినవి తేలిక. ఇంకొంచెం నీడకు మార్చితే రెండు మూడు వారాల్లో పచ్చబడతాయి. ఆ ఎరుపు మొక్క తనను తాను కాపాడుకునే రంగు. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం ఆ భాగం కాలినట్టే, ఇక తిరిగి రాదు.

సాగినవి మళ్లీ పొట్టిబడవు. వెలుగులోకి తెస్తే పైన కొత్తగా పెరిగేది లావుగా వస్తుంది, కింద సన్నని నడుము అలాగే ఉంటుంది. నేను అలాంటి మొలకల చుట్టూ పొడి ఇటుక రవ్వను మెడదాకా జాగ్రత్తగా పోస్తాను. నడుముకు ఆసరా దొరుకుతుంది. వెలుగు పెంచేటప్పుడు మెల్లగా పెంచండి. మొదటి వారం డబ్బా మీద ఒక వార్తాపత్రిక, రెండో వారం పల్చని తెల్ల గుడ్డ, తర్వాత ఏమీ వద్దు. సూటి ఎండ మాత్రం తొలి ఆరు నెలలు పనికిరాదు. కిటికీ దగ్గర వెలుగు లేకపోతే 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు జానెడు ఎత్తులో పెట్టి రోజుకు 12 గంటలు వెలిగించండి. గడియారాల బల్ల మీద నా దీపం కింద కొన్ని డబ్బాలు అలాగే పెరిగాయి.

మట్టి మీద పచ్చగా నాచు పట్టింది. మూత తీసిన దగ్గర నుంచి చిన్న నల్లటి దోమల్లాంటివి తిరుగుతున్నాయి. మందు కొట్టాలా?
*నెల్లిమర్ల నుంచి ఒక పాఠకుడు*

నాచు కంటికి నచ్చదు గాని వెంటనే చంపదు. అయితే గడ్డకట్టి చిన్న మొలకలను కమ్మేస్తుంది. నీళ్లు ఎక్కువయ్యాయని అది చెబుతున్న కబురు. సూదితో ఆ పొరను అక్కడక్కడ పగలగొట్టి, పైన ఇటుక రవ్వ చల్లి, నీళ్ల మధ్య విరామం పెంచండి. మట్టిలో చివికిన ఆకు ఎరువు కాక వేరే ఎరువు కలిపి ఉంటే నాచుకు అదే విందు. విత్తేటప్పుడు అలాంటి ఎరువు వేయకూడదు.

ఆ ఈగలు మాత్రం ప్రమాదం. ఈగ ఏమీ చేయదు, అది తడి మట్టిలో పెట్టే గుడ్ల నుంచి వచ్చే తెల్లని పురుగు వేళ్లను కొరుకుతుంది. పైకి బాగానే ఉన్న మొలకను ముట్టుకుంటే కదిలిపోతుంది, లాగితే కింద వేరు ఉండదు. పసుపు రంగు అట్టముక్కకు ఆముదం రాసి డబ్బాల పక్కన నిలబెట్టండి, ఈగలు అంటుకుంటాయి. మట్టి మీద అర సెంటీమీటరు పొడి ఇసుక పొర వేయండి, గుడ్లు పెట్టడానికి చోటు ఉండదు. మందు అవసరం రాదు. రెండు వారాలు అట్ట మారుస్తూ ఉంటే తగ్గిపోతాయి.

పచ్చటి కాడ మీద ఎర్రటి బంతి ఉన్న కాక్టస్ కొన్నాను. ఆ ఎర్రబంతి గింజలు వేస్తే ఎర్ర మొక్కలు వస్తాయా?
*ఒక పాఠకురాలు, ఆమదాలవలస*

అవి రెండు మొక్కలమ్మా. కింద కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతి, పైన బంతి జిమ్నోకాలిసియమ్ అనే వేరే కాక్టస్. ఆ బంతిలో ఆకుపచ్చ పదార్థం, అంటే పత్రహరితం లేదు. తన ఆహారం తాను వండుకోలేదు. 1940ల ప్రారంభంలో జపాన్‌లో విత్తన నారులో ఇలాంటి ఎర్రని మొలకలు కనిపించినప్పుడు వాటిని పచ్చని కాడ మీద అంటుకట్టి బతికించారు. నేటి ఎర్రబంతులన్నీ ఆ బాటలో వచ్చినవే.

గింజ కడితే వేసి చూడండి. ఎర్రవి మొలవవచ్చు, కాని గింజలో ఉన్న కొద్దిపాటి ఆహారం అయిపోగానే, కొన్ని వారాల్లో పోతాయి. పచ్చదనం కలిసి ఉన్నవి మాత్రం నిలుస్తాయి. మీ మొక్క కింది కాడ మెత్తబడుతున్నట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా బంతిని కోసి కొత్త కాడ మీద అంటుకట్టించండి.

ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే అరిష్టమని మా అత్తగారు అంటున్నారు. నాకు పెంచాలని ఉంది.
*నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు*

అత్తగారి మాట కొట్టేయకండి. డబ్బాలను మేడ మీదో, పెరటి గోడ మీదో పెట్టండి. పసిపిల్లలు తిరిగే గదిలో ముళ్లు లేకపోవడం ఎలాగూ మంచిదే. మొక్కకు కూడా ఇంటి లోపలి కన్నా బయటి వెలుగు నయం. మొదటి పువ్వు పూసిన రోజున ఆవిడను మేడ మీదికి పిలవండి. మా అమ్మ విషయంలో నేను చేసింది అదే. ఆ తర్వాత ఆవిడే సాయంత్రాలు వచ్చి మొగ్గలు లెక్కపెట్టేది.

చేల గట్ల మీద ఉండే నాగజెముడు, కాడజెముడు కాక్టస్‌లేనా? వాటి గింజలు వేయవచ్చా?
*ఒక యువ రైతు, రాజాం*

నాగజెముడు కాక్టసే. కాడజెముడు, ఆకుజెముడు కావు. తుంచి చూడండి, గట్ల మీది ఈ జెముళ్లలో పాలు కారేది కాక్టస్ కాదు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, జాగ్రత్త. రెండో గుర్తు, కాక్టస్ ముళ్లన్నీ దూదిలాంటి చిన్న మెత్త నుంచి గుత్తిగా పుడతాయి. ఆ మెత్త కాక్టస్ కుటుంబానికే సొంతం.

మన పల్లెల్లో నాగజెముడు ఎప్పటినుంచో ఉన్నట్టు కనిపిస్తుంది గాని అది అమెరికా ఖండం మొక్క. దాని మీద బతికే ఒక పురుగు నుంచి ఎర్రని అద్దకపు రంగు తీస్తారు. ఆ రంగు కోసం ఆంగ్లేయులు 1795లో పురుగును తెప్పించారు. వచ్చింది మేలైన రంగునిచ్చే జాతి కాదు. అది రంగుకు పనికిరాలేదు, ఒక జాతి నాగజెముడును మాత్రం తినేసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని, 1926లో అదే కుటుంబంలోని మరో పురుగును శ్రీలంక నుంచి తెచ్చి, దక్షిణ భారతంలో పొలాలను ఆక్రమించిన నాగజెముడు మీద వదిలారు. కలుపును పురుగుతో అదుపు చేయడంలో లోకమంతా చెప్పుకునే ఉదాహరణ ఇది.

మీ గట్టు మీది నాగజెముడుకు తెల్ల దూది అంటినట్టు కనిపిస్తే పుల్లతో నలిపి చూడండి. కుంకుమ ఎరుపు వస్తే ఈ పురుగే. దాని దగ్గరకు మీ కాక్టస్ నారు తీసుకెళ్లకండి. నలిపితే అంత ఎరుపు రాకపోతే అది పిండినల్లి కావచ్చు, స్పిరిటులో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే పోతుంది. నాగజెముడు గింజల పెంకు రాయిలా ఉంటుంది. గరుకు కాగితంతో రుద్ది వేసినా నెలలు పట్టవచ్చు. మొక్క కావాలంటే ఒక మట్ట నాటుకోవడం మేలు.

మొలకలు బటాణీ గింజంత అయ్యాయి. ఎప్పుడు విడదీయాలి? వానాకాలం వస్తోంది, తుఫానుల భయం కూడా ఉంది.
*ఒక పాఠకుడు, గజపతినగరం*

తొందరపడకండి. కాక్టస్ పిల్లలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే బాగా పెరుగుతాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైకి లేస్తున్నప్పుడు విడదీయాలి, సాధారణంగా 8 నుంచి 12 నెలలకు. వర్షాకాలంలో ఆ పని పెట్టుకోకండి. తెగిన వేరు గాలిలో తేమకు మానదు, కుళ్లుతుంది. మీవి సంక్రాంతి తర్వాత విడదీయండి.

అప్పుడు ముందుగా వారం రోజులు నీళ్లు ఆపండి. కొబ్బరి ఈనె చివరను చీల్చి, ఆ చీలికతో మొలకను కింద నుంచి ఎత్తండి. నా దుకాణంలో పట్టకార్లు పది రకాలు ఉన్నాయి, అయినా దీనికి ఈనెకు మించింది లేదు. ఇనుము నొక్కిన చోట రెండు రోజులకు నల్లమచ్చ వస్తుంది. పెన్సిలుతో గుంట చేసి, వేరు వంకర తిరగకుండా దించి, పొడి మట్టిలోనే నాటండి. నాలుగైదు రోజుల తర్వాతే నీళ్లు. మళ్లీ పక్షం రోజులు నీడ. కుదురుకున్నాక నెలకోసారి, నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు అర గ్రాము చాలు. పచ్చి పేడ వద్దు.

ఇక్కడి నుంచి దాది పని తగ్గించుకుంటూ రావాలి. ఏడాది దాటిన మొక్కకు ఉదయపు ఎండ గంట, తర్వాత రెండు గంటలు. నీళ్లకు నీళ్లకు మధ్య మట్టి పూర్తిగా ఆరాలి. మొలకను పెద్దమొక్కలా చూసి చంపేవారు ఎందరో, పెద్దమొక్కను ఇంకా మొలకలా చూసి కుళ్లబెట్టేవారూ అందరే.

తుఫాను సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా మేడ మీద డెబ్బైకి పైగా పెద్ద మొక్కలు పోయాయి. కొన్ని గాలికి ఎగిరి పగిలాయి, మిగిలినవి వానలో నాని తర్వాతి వారాల్లో లోపలి నుంచి కుళ్లాయి. పదేళ్ల మొక్కలు, ప్రతిదీ గింజ నుంచి తెలిసినవే. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అయితే ఆ ముందు రోజు, నారు డబ్బాలను మాత్రం దుకాణంలో గడియారాలు పెట్టే గాజు బీరువాలోకి తెచ్చాను. మూత బిగించి ఉన్న డబ్బాలు, కరెంటు లేకపోయినా, ఎవరూ చూడకపోయినా, పది రోజుల తర్వాత పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు నా మేడ మీద ఉన్న తోట చాలామటుకు ఆ డబ్బాల్లోదే. అందుకే హెచ్చరిక వినగానే చిన్నవాటిని ముందు లోపలికి తెచ్చి, పెద్దవాటిని గోడ వారగా నేల మీదికి దించి, ప్లాస్టిక్ పట్టా కప్పుతాను. తుఫాను వెళ్లాక తడిసిన కుండీలకు రెండు వారాలు చుక్క నీరు పోయవద్దు. నెమ్ము అనిపించిన మొక్కను కుండీలోంచి తీసి వేరు చూడండి. నల్లబడితే ఆరోగ్యంగా ఉన్నదాకా కోసి, వారం ఆరబెట్టి తిరిగి నాటండి.

గోల్డెన్ బ్యారెల్ గింజలు వేశాను. ఎనిమిది మొలిచాయి. ఎప్పుడు పూస్తాయి?
*ఏడో తరగతి విద్యార్థి, టెక్కలి*

బాబూ, పసుపు ముళ్లతో గుండ్రటి పీపాలా పెరిగే ఆ కాక్టస్ పూయడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. పువ్వు తొందరగా చూడాలంటే పక్కన మామిలేరియా కూడా వేయి, రెండు నుంచి నాలుగేళ్లలో పూస్తుంది. కాని ఆ ఎనిమిదింటినీ వదలకు. ఆ మొక్క సొంత ఊరు మెక్సికోలో ఒక లోయ. 1990ల్లో కట్టిన జిమపాన్ ఆనకట్ట నీళ్లలో ఆ లోయలో చాలా భాగం మునిగిపోయింది. అడవిలో ఇప్పుడు అది అరుదు. కాక్టస్ జాతులన్నింటినీ పరిశీలించి 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించిన లెక్క ప్రకారం, నూటికి 31 జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మన నర్సరీల్లో కనిపించే గోల్డెన్ బ్యారెల్ మొక్కలు నీలా ఎవరో గింజ వేసి పెంచినవే. నీ ఎనిమిదీ వాటితో కలిసినట్టు.

ఒక పని వెంటనే చెయ్యి. డబ్బాలో ప్లాస్టిక్ ముక్క గుచ్చి, మొక్క పేరు, గింజ వేసిన తేదీ రాయి. పెన్ను వద్దు, మన ఎండకు సిరా ఒక్క వేసవిలో వెలిసిపోతుంది. పెన్సిలుతో రాయి. నా మొదటి డబ్బాలో గుచ్చిన ముక్క మీద పెన్సిలుతో రాసిన తేదీ నేను ఇప్పటికీ అద్దం లేకుండానే చదవగలుగుతున్నాను.